కొత్త గ్రాఫిక్స్ కార్డు కొనేముందు క్యాబినెట్ తెరవండి

2017 నుంచి 2020 దాకా మనవాళ్లు కట్టించుకున్న గేమింగ్ పీసీలు చాలావరకు ఒకే తీరుగా ఉంటాయి. బీ450 లేదా హెచ్310 మదర్‌బోర్డు, రైజెన్ 5 గానీ కోర్ ఐ5 గానీ ప్రాసెసర్, జీటీఎక్స్ 1050 టీఐ, 1060, 1650లలో ఏదో ఒక కార్డు, 1080పీ మానిటర్, 450 వాట్ల ఎస్‌ఎంపీఎస్ (పీసీకి కరెంటు అందించే పెట్టె). సెట్టింగులు తగ్గించుకుంటూ ఇన్నేళ్లు నెట్టుకొచ్చిన ఈ పీసీలకు ఇప్పుడు ఆ దారి కూడా మూసుకుపోతోంది.

2024 డిసెంబరులో వచ్చిన ఇండియానా జోన్స్ అండ్ ద గ్రేట్ సర్కిల్, 2025 మేలో వచ్చిన డూమ్: ద డార్క్ ఏజెస్ ఆటలకు రే ట్రేసింగ్ (వెలుగు కిరణాల దారి లెక్కగట్టి నీడలు, ప్రతిబింబాలు చూపించే పద్ధతి) హార్డ్‌వేర్ ఉన్న కార్డు తప్పనిసరి. వద్దనుకుంటే ఆపేసే సెట్టింగ్ కాదది, అది లేకపోతే ఆట ఆడలేం. రెండిటికీ కనీస కార్డు ఆర్‌టీఎక్స్ 2060 సూపర్ లేదా ఆర్‌ఎక్స్ 6600. జీటీఎక్స్ పేరుతో వచ్చిన ఏ కార్డులోనూ రే ట్రేసింగ్ కోసం విడిగా యూనిట్లు లేవు. పైగా జీటీఎక్స్ 900, 10 సిరీస్ కార్డులకు గేమ్ రెడీ డ్రైవర్లను ఎన్విడియా 2025 అక్టోబరుతో ఆపేసింది. 2028 అక్టోబరు దాకా మూడు నెలలకోసారి భద్రతా అప్‌డేట్లు మాత్రమే వస్తాయి.

కాబట్టి కార్డు మార్చాల్సిందే. అయితే ఏ కార్డు అన్నది చివర తేల్చుకోవాల్సిన మాట. పాత పీసీలో కొత్త కార్డు ఎంత పనిచేస్తుందో తేల్చేది ఆ పీసీలోని స్లాట్, ఎస్‌ఎంపీఎస్, ప్రాసెసర్, మానిటర్. వీటిని చూడకుండా యూట్యూబ్‌లో బార్ గ్రాఫ్ చూసి కొన్న కార్డు, అక్కడ చూపించినంత వేగం ఇక్కడ ఇవ్వదు. ఆ పరీక్షలు సాధారణంగా అప్పటికి దొరికే అత్యంత వేగవంతమైన ప్రాసెసర్ మీద, పీసీఐఈ (కార్డుకూ బోర్డుకూ మధ్య డేటా నడిచే దారి) 5.0 బోర్డు మీద చేసినవి. ఉదాహరణకు ఇక్కడ రైజెన్ 5 3600, బీ450 బోర్డు, 6 జీబీ జీటీఎక్స్ 1060 ఉన్న పీసీని తీసుకుందాం.

అసలు లోపం కార్డుదేనా?

ఎంఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్, దానితో వచ్చే రివాట్యూనర్ ఇన్‌స్టాల్ చేసి, తెర మూలన జీపీయూ (కార్డులోని చిప్) వాడకం, ఒక్కో సీపీయూ థ్రెడ్ వాడకం, ఫ్రేమ్ టైమ్ (ఒక్కో ఫ్రేముకు పట్టే సమయం) కనిపించేలా పెట్టండి. మీరు ఎక్కువగా ఆడే ఆటలో బాగా బరువైన చోట పది నిమిషాలు ఆడండి. జీపీయూ 95 నుంచి 99 శాతం దగ్గర నిలబడితే లోపం కార్డుదే. అది 60, 70 దగ్గర ఆడుతూ ఫ్రేములు పడిపోతుంటే ప్రాసెసర్ కార్డుకు పని అందించలేకపోతోందని అర్థం. ఇక్కడ మొత్తం సీపీయూ వాడకం చూసి మోసపోవద్దు. ఆరు కోర్ల ప్రాసెసర్‌లో ఒకటి రెండు థ్రెడ్లు నిండిపోయి మిగతావి ఖాళీగా ఉంటే మొత్తం లెక్క 40 శాతం కూడా చూపించదు.

రెండో పరీక్ష ఇంకా సూటిగా ఉంటుంది. రిజల్యూషన్‌ను 720పీకి దించి, గ్రాఫిక్స్ అన్నీ ‘లో’ (తక్కువ) స్థాయిలో పెట్టండి. జనసాంద్రత, ఎంత దూరం దాకా కనిపించాలి అనే రెండు సెట్టింగులను మాత్రం మీరు రోజూ వాడేచోటే ఉంచండి, అవి ప్రాసెసర్ మీద పడే బరువు. అప్పుడు సెకనుకు వచ్చే ఫ్రేములు ఆ ఆటలో మీ ప్రాసెసర్ ఇవ్వగల గరిష్ఠం. ఫ్రేమ్ జెనరేషన్‌తో అదనంగా పుట్టించేవి పక్కన పెడితే, ఎంత ఖరీదైన కార్డు పెట్టినా ఆ అంకె దాటదు. రే ట్రేసింగ్ వేస్తే ప్రాసెసర్ మీద ఇంకొంత భారం పడుతుంది కాబట్టి అది ఇంకా తగ్గుతుంది కూడా. 720పీలో 75 ఫ్రేములే వస్తే, 150 ఇస్తుందని కొన్న కార్డు ఆ ఆటలో సగం ఖాళీగా కూర్చుంటుంది.

ఆ అంకె తక్కువగా వస్తే డబ్బు తీయకముందు ర్యామ్ చూడండి. టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్, మెమరీ పేజీలో ఎన్ని స్లాట్లు వాడుతున్నారో, ఎంత వేగంతో నడుస్తోందో రాసి ఉంటుంది. ఒకే స్టిక్ ఉంటే సింగిల్ చానెల్. అలాంటిదే రెండోది వేస్తే ఆటల్లో తేడా స్పష్టంగా తెలుస్తుంది, ముఖ్యంగా కుదుపులు తగ్గుతాయి. నాలుగు స్లాట్ల బోర్డులో సాధారణంగా ప్రాసెసర్ వైపు నుంచి లెక్కిస్తే రెండో, నాలుగో స్లాట్లలో పెట్టాలి. 3200 స్టిక్కులు పెట్టినా 2400 దగ్గరో 2666 దగ్గరో నడుస్తున్నాయంటే బయాస్‌లో (బోర్డు సొంత సెట్టింగుల్లో) ఎక్స్ఎంపీ, అంటే ర్యామ్‌ను దాని పూర్తి వేగంతో నడిపే సెట్టింగ్, ఆన్ చేయలేదన్నమాట. దీనికి పైసా ఖర్చు లేదు.

బీ450 వాళ్ల అదృష్టం ఏమిటంటే, బోర్డు మార్చకుండానే రైజెన్ 5 5600 లేదా 5700ఎక్స్ వేసుకోవచ్చు. పాత ప్రాసెసర్ ఉండగానే బయాస్ అప్‌డేట్ చేయాలి. తీసేశాక చేద్దామంటే చాలా బోర్డులు తెర మీద ఏమీ చూపించవు. హెచ్310 వాళ్లకు ఈ సౌకర్యం లేదు. ఎనిమిది, తొమ్మిదో తరం ప్రాసెసర్లతోనే ఆ బోర్డు దారి ఆగిపోతుంది.

8 జీబీ, ఎనిమిది లేన్లు, పాత స్లాట్

అమ్మేవాళ్లు దాదాపు ఎప్పుడూ ఎత్తని విషయం ఇది. నా దృష్టిలో పాత పీసీకి ఇదే అన్నిటికంటే ముఖ్యం.

బీ450 బోర్డులో కార్డు పెట్టే స్లాట్ పీసీఐఈ 3.0. అందులో పదహారు లేన్లూ (డేటా వెళ్లే వరుసలు) వాడే కార్డు పెడితే సెకనుకు దాదాపు 16 జీబీ డేటా అటూ ఇటూ వెళ్తుంది. ఆర్‌టీఎక్స్ 4060, 5060, 5060 టీఐ, ఆర్‌ఎక్స్ 7600 కార్డుల కనెక్టర్ నిండుగా కనిపించినా అవి వాడేది ఎనిమిది లేన్లే. 5060 పీసీఐఈ 5.0 కార్డు కాబట్టి కొత్త బోర్డులో ఆ ఎనిమిది లేన్ల మీదే సెకనుకు 31 జీబీకి పైగా వెళ్తుంది. అదే కార్డు బీ450లో 8 జీబీకి పడిపోతుంది.

కార్డులోని మెమరీ సరిపోయినంతసేపు ఈ తేడా పెద్దగా తెలియదు. సరిపోనప్పుడే అసలు కథ మొదలవుతుంది. టెక్స్చర్లు (ఆటలో వస్తువుల పైపొరల బొమ్మలు) 8 జీబీలో పట్టకపోతే మిగిలినవి పీసీ ర్యామ్‌లోకి వెళ్తాయి. వాటిని పీసీఐఈ దారిలోనే మళ్లీమళ్లీ తెచ్చుకోవాలి. 5060లో సొంత మెమరీ వేగం సెకనుకు 448 జీబీ, బీ450లో ఆ దారి వేగం సుమారు 8 జీబీ. కార్డు ఎంత చురుకైనదైనా డేటా వచ్చేదాకా ఆగాల్సిందే. సగటు ఫ్రేములు ఒక్కోసారి పెద్దగా తగ్గినట్టు కనిపించవు. కానీ మలుపు తిరిగినప్పుడల్లా, కొత్త ప్రాంతంలో అడుగుపెట్టినప్పుడల్లా ఆట టక్కున ఆగి కదులుతుంది. కొన్ని ఆటలు ఆగకుండా టెక్స్చర్లనే చప్పుడు లేకుండా మసకబారుస్తాయి. అందుకే సగటు ఫ్రేముల గ్రాఫ్‌లో ఈ జబ్బు ఒక్కోసారి దొరకదు, ‘1 శాతం లో’ (అత్యంత నెమ్మదిగా వచ్చిన ఒక శాతం ఫ్రేముల వేగం) అనే అంకె చూడాలి.

ఇది మీ పీసీలో జరుగుతోందో లేదో తెలుసుకోవడం తేలిక. ఆట నడుస్తుండగా టాస్క్ మేనేజర్‌లో జీపీయూ పేజీ తెరవండి. డెడికేటెడ్ మెమరీ నిండుగా ఉండి, షేర్డ్ మెమరీ పెరుగుతూ పోతుంటే డేటా బయటికి పొంగుతోందన్నమాట. బ్రౌజర్, డిస్కార్డ్, రెండో మానిటర్ ఇవన్నీ కూడా అదే 8 జీబీలోంచి కొంత తింటాయి. ఫ్రేమ్ జెనరేషన్ ఆన్ చేస్తే దానికీ కొంత కావాలి. మెమరీ అప్పటికే అంచున ఉన్న కార్డులో ఫ్రేమ్ జెనరేషన్ వేస్తే వేగం పెరగాల్సింది పోయి కుదుపులు పెరగడానికి కారణం ఇదే.

ఇక్కడ చాలామంది పొరబడే చోటు ఇంకొకటుంది. రైజెన్ 5 5600జీ, రైజెన్ 5 5500 రెండూ బీ550 బోర్డులో పెట్టినా పీసీఐఈ 3.0కే పరిమితం. 5600కూ 5500కూ పేరులో తేడా చిన్నదే, స్లాట్ విషయంలో మాత్రం ఒక తరం తేడా. బీ550లో ఎనిమిది లేన్ల కార్డు పెట్టే ఉద్దేశం ఉంటే 5600 తీసుకోండి. ఇంటెల్‌లో పదో తరం దాకా 3.0, 500 సిరీస్ బోర్డులో పదకొండో తరం ప్రాసెసర్ నుంచి 4.0.

మరి బీ450కి ఏ కార్డు? 16 జీబీ ఆర్‌ఎక్స్ 9060 ఎక్స్‌టీ అంటాను. పదహారు లేన్లూ వాడుకుంటుంది, 160 వాట్లు తీసుకుంటుంది, మెమరీ పుష్కలం. డీఎల్ఎస్ఎస్ (తక్కువ రిజల్యూషన్ బొమ్మను ఏఐతో పెంచే ఎన్విడియా పద్ధతి) కావాలన్నా, బ్లెండర్ లాంటి 3డీ సాఫ్ట్‌వేర్ పనులున్నా 16 జీబీ ఆర్‌టీఎక్స్ 5060 టీఐ మంచిది. ఎనిమిది లేన్లే అయినా మెమరీ పొంగదు కాబట్టి నష్టం తక్కువ. ఈ రెండు కార్డులూ 8 జీబీ రకంలో అదే పేరుతో వస్తాయి. బిల్లు మీదా పెట్టె మీదా 16 అన్న అంకె కళ్లారా చూశాకే డబ్బు ఇవ్వండి. 5060 వ్యాలరెంట్, కౌంటర్ స్ట్రైక్ 2 లాంటివి ఆడేవాళ్లకు చాలు, వాటికి 8 జీబీ ఇరుకు కాదు. కానీ కొత్త తరం ఆటల కోసమే డబ్బు పెడుతూ 8 జీబీ కార్డు కొనడం నాకు నచ్చని పని. టెక్స్చర్ క్వాలిటీ అన్నది మెమరీని తింటుంది తప్ప కార్డు మీద అంత భారం వేయదు. మెమరీ ఉంటే మిగతా సెట్టింగులు తగ్గించుకున్నా బొమ్మ అందంగానే ఉంటుంది.

ఇంటెల్ ఆర్క్ బీ580 ధరకు 12 జీబీ ఇస్తుంది, కార్డుగా మంచిదే. అయితే దాని డ్రైవర్ ప్రాసెసర్ మీద ఎక్కువ పని వేస్తుంది. 3600 లాంటి పాత ఆరు కోర్ల ప్రాసెసర్‌తో చాలా ఆటల్లో వేగం బాగా తగ్గుతుంది. రీసైజబుల్ బార్ (ప్రాసెసర్ కార్డు మెమరీ మొత్తాన్ని ఒకేసారి అందుకునే సౌకర్యం) లేని పీసీలో దాన్ని అసలు పెట్టకూడదు.

ఎస్‌ఎంపీఎస్ లేబుల్ చదవడం

పెట్టె మీద రాసిన 450 వాట్ల అంకెను పక్కన పెట్టి, పక్కనున్న పట్టికలో 12 వోల్టుల గడి చూడండి. కార్డూ ప్రాసెసరూ బతికేది దాని మీదే. అక్కడ 37 ఆంపియర్లు ఉంటే 444 వాట్లు, అంటే నిజంగానే 450 వాట్ల సరుకు. క్యాబినెట్‌తో ఉచితంగా వచ్చే కొన్నిటిలో అక్కడ 18 ఆంపియర్లే ఉంటుంది. అంటే 216 వాట్లు. దాని మీద కొత్త కార్డు పెట్టవద్దు.

లెక్క ఇలా వేసుకోవాలి. కార్డు 160 వాట్లు, 3600 పూర్తి భారంలో 88 వాట్లు, బోర్డు, ర్యామ్, ఎస్ఎస్‌డీ, ఫ్యాన్లకు 50. మొత్తం 300 లోపు. పేరున్న 450 వాట్ల ఎస్‌ఎంపీఎస్, అయిదేళ్ల లోపుది అయితే దీన్ని మోస్తుంది. కొత్తగా కొంటుంటే మాత్రం 550 లేదా 650 తీసుకోండి. 250 వాట్ల ఆర్‌టీఎక్స్ 5070కి 650 ఉండాల్సిందే. కార్డు తన రేటింగ్‌కు మించి రెప్పపాటులో వందో వంతు కూడా లేని క్షణాల పాటు చాలా ఎక్కువ కరెంటు లాగుతుంది. ఎస్‌ఎంపీఎస్ బలహీనమైనదైతే ఆ క్షణంలో తనను తాను కాపాడుకోవడానికి ఆగిపోతుంది. ఆట మధ్యలో నీలి తెర ఏమీ రాకుండా పీసీ ఒక్కసారిగా ఆరిపోవడం, ఈవెంట్ వ్యూయర్‌లో కెర్నెల్ పవర్ 41 అని మాత్రమే కనిపించడం దీనికి గుర్తు. ఏటీఎక్స్ 3.0, 3.1 ప్రమాణంతో వచ్చినవాటిని ఇలాంటి పోట్లను దృష్టిలో పెట్టుకునే తయారుచేస్తారు.

కేబుళ్ల దగ్గర కొన్ని నియమాలు గట్టిగా పాటించండి. ఆరు పిన్నుల కనెక్టర్ 75 వాట్లకు, ఎనిమిది పిన్నులది 150 వాట్లకు, స్లాట్ మరో 75 వాట్లకు. సాటా పవర్ కనెక్టర్ 12 వోల్టుల మీద ఇవ్వగలిగేది 54 వాట్లే, కాబట్టి సాటా నుంచి కార్డుకు మార్చే అడాప్టర్ పెడితే ప్లాస్టిక్ కరిగే ప్రమాదం ఉంది. మాడ్యులర్ ఎస్‌ఎంపీఎస్ మార్చినప్పుడు పాత కేబుళ్లు వదిలేసి, కొత్త పెట్టెలో వచ్చినవే వాడండి. కార్డు వైపు ప్లగ్ ఒకటే అయినా ఎస్‌ఎంపీఎస్ వైపు పిన్నుల వరుస కంపెనీకో రకం. సరిగ్గా దూరిందని పెట్టిన పాత కేబుల్ ఎస్ఎస్‌డీనో కార్డునో కాల్చేస్తుంది. రెండు ఎనిమిది పిన్నులు అడిగే కార్డుకు రెండు వేరువేరు కేబుళ్లు లాగండి. కొత్త పదహారు పిన్నుల కనెక్టర్ ఉన్న కార్డయితే, ప్లగ్‌కూ కార్డుకూ మధ్య సందు కనిపించకుండా పూర్తిగా నొక్కాలి. మొదలు నుంచి 35 మిల్లీమీటర్ల దాకా వంచకూడదు.

మన ఇళ్లలో ఇంకో రెండు చూడాలి. 600 వీఏ యూపీఎస్‌లు సాధారణంగా ఇచ్చేది 360 వాట్లు. పీసీ లోపల 300 వాట్లు వాడుతుంటే గోడ దగ్గర అది 350 దాకా అవుతుంది, మానిటర్ అదనం. ఆట నడుస్తుండగా కరెంటు పోతే యూపీఎస్ కీచుమని అరిచి ఆపేస్తుంది. 1000 వీఏ, వీలైతే ప్యూర్ సైన్ వేవ్ రకం తీసుకోండి. ఇంటి ఇన్వర్టర్ మీద నడిపేవాళ్లు దాని మీద యూపీఎస్ మోడ్ స్విచ్ ఉంటే అందులో పెట్టాలి. లేకపోతే కరెంటు మారే ఆ వ్యవధికే పీసీ రీస్టార్ట్ అవుతుంది. ఇక క్యాబినెట్ ముట్టుకుంటే చిమచిమలాడుతోందంటే ప్లగ్‌లో ఎర్తింగ్ లేదని అర్థం. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి అది సరిచేయించాకే కార్డు పెట్టండి.

బిగించడం

టేపు పట్టి క్యాబినెట్ వెనుక పట్టీ నుంచి ముందు ఫ్యాన్ దాకా కొలవండి. ముందు ఫ్యాన్ లోపలివైపు ఉంటే దాని 25 మిల్లీమీటర్లు లెక్కలోంచి తీసేసినట్టే. రెండు ఫ్యాన్ల కార్డులు ఎక్కువగా 200 నుంచి 250 మిల్లీమీటర్ల మధ్య, మూడు ఫ్యాన్లవి 300 దాటవచ్చు. మందం కూడా చూడండి, రెండున్నర స్లాట్ల కార్డు కింద సాటా పోర్టులు మూసుకుపోతాయి. మానిటర్‌కు వీజీఏ లేదా డీవీఐ మాత్రమే ఉంటే కొత్త కార్డుకు నేరుగా తగలదు. కొత్త కార్డుల్లో వచ్చేవి హెచ్‌డీఎంఐ, డిస్‌ప్లేపోర్ట్ మాత్రమే. వీజీఏ మానిటర్‌కైతే డిస్‌ప్లేపోర్ట్ నుంచి వీజీఏకి మార్చే యాక్టివ్ అడాప్టర్ లాంటిది కావాలి. అసలు 60 హెర్ట్జ్ మానిటర్ ఉన్నవాళ్లు బడ్జెట్‌లో కొంత మానిటర్‌కే పెట్టడం మేలు. 120 ఫ్రేములు వచ్చినా ఆ తెర చూపించేది 60.

కొత్త డ్రైవర్, డిస్‌ప్లే డ్రైవర్ అన్‌ఇన్‌స్టాలర్ రెండూ ముందే దింపి పెట్టుకోండి. ఇంటర్నెట్ తీసేసి సేఫ్ మోడ్‌లో పాత డ్రైవర్ తుడిచేయండి. ఇంటర్నెట్ ఉంటే విండోస్ మధ్యలో దూరి తనకు తోచిన డ్రైవర్ వేస్తుంది. ఎన్విడియా నుంచి ఏఎండీకి, ఏఎండీ నుంచి ఎన్విడియాకు మారేవాళ్లు ఈ పని దాటేయకూడదు. పీసీ ఆపి, ప్లగ్ తీసి, పవర్ బటన్ పది సెకన్లు నొక్కి పట్టండి. స్లాట్ చివర ఉన్న గొళ్లెం నొక్కకుండా పాత కార్డు లాగితే స్లాటే ఊడి రావచ్చు. కొత్తది టక్ మనేదాకా నొక్కి, ముందు మరలు బిగించి, తర్వాత పవర్ కేబుల్ పెట్టండి. మానిటర్ కేబుల్ కార్డుకే పెట్టాలి, బోర్డు పోర్టుకు కాదు. కొత్త కార్డు పెట్టినా తేడా లేదన్న ఫిర్యాదుల్లో కొన్నిటికి మూలం ఇదే.

పీసీ లేచాక బయాస్‌లో ఎబవ్ 4జీ డీకోడింగ్, రీసైజబుల్ బార్ ఆన్ చేయండి. దీనికి సీఎస్ఎం (పాత పద్ధతిలో బూట్ చేసే సెట్టింగ్) ఆఫ్‌లో ఉండాలి. విండోస్ పాత ఎంబీఆర్ డిస్క్ మీద ఉంటే సీఎస్ఎం ఆపగానే బూట్ అవదు. కంగారు పడకుండా మళ్లీ ఆన్ చేసి, డేటా బ్యాకప్ తీసుకుని, విండోస్‌లోనే ఉన్న సాధనంతో డిస్క్‌ను జీపీటీకి మార్చాక ఆపండి. తర్వాత జీపీయూ-జెడ్ తెరిచి బస్ ఇంటర్‌ఫేస్ గడి చూడండి. 9060 ఎక్స్‌టీకి బీ450లో పదహారు లేన్లు, 3.0 అని రావాలి. భారం లేనప్పుడు 1.1 అని చూపిస్తుంది, పక్కనున్న ప్రశ్నార్థకం నొక్కి రెండర్ టెస్ట్ పెడితే అసలు వేగం తెలుస్తుంది. పదహారుకు బదులు నాలుగో ఎనిమిదో వస్తే కార్డు పూర్తిగా కూర్చోలేదు, లేదా కింది స్లాట్‌లో పెట్టారు.

ఎండాకాలం కోసం ఒక మాట. ఏసీ గదిలో 25 డిగ్రీల దగ్గర 65 చూపించే కార్డు, మే నెలలో 40 డిగ్రీల గదిలో దాదాపు 80 చూపిస్తుంది. ఫ్యాన్లు ఎంత అరిచినా గది వేడిని మించి చల్లబరచలేవు. కార్డు అనుమతిస్తే ఆఫ్టర్‌బర్నర్‌లో పవర్ లిమిట్ 85 శాతానికి దించండి. ఫ్రేములు కొద్దిగానే తగ్గుతాయి, వేడీ శబ్దమూ గట్టిగా తగ్గుతాయి. ముందు జల్లెడ నెలకోసారి దులపండి.

కొనేచోట

మెమరీ చిప్‌ల ధరలు 2025 చివరి నుంచి ఎగబాకడంతో కార్డుల ధరలు నిలకడగా లేవు, అందుకే రూపాయల్లో అంకెలు రాయడం లేదు. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని సీటీసీలో (చెనాయ్ ట్రేడ్ సెంటర్) నాలుగు కొట్లు అడిగి, ఆన్‌లైన్ ధరతో పోల్చుకోండి. కార్డుల మీద జీఎస్టీ 18 శాతం. బిల్లు లేకుండా తగ్గిస్తామంటే ఒప్పుకోవద్దు, సీరియల్ నంబరు రాసిన బిల్లే రేపు వారంటీకి ఆధారం. అమెరికా నుంచి అన్నయ్య తెస్తాడన్నా, ఆ కార్డు వారంటీ ఇక్కడ చెల్లుతుందో లేదో ఆ మోడల్ కంపెనీ పేజీలో చూశాకే చెప్పండి. చాలా కంపెనీల వారంటీ కొన్న దేశానికే పరిమితం.

సెకండ్‌హ్యాండ్‌లో చూడదగ్గది 12 జీబీ ఆర్‌టీఎక్స్ 3060. పదహారు లేన్లు, 170 వాట్లు, పాత పీసీకి సరిగ్గా అతుకుతుంది. అదే పేరుతో 6 జీబీ అని కనబడితే అది ల్యాప్‌టాప్ చిప్‌ను డెస్క్‌టాప్ బోర్డు మీద అతికించింది, వదిలేయండి. పెన్‌డ్రైవ్‌లో జీపీయూ-జెడ్, ఫర్‌మార్క్ వేసుకుని వెళ్లి, అమ్మేవాళ్ల పీసీలోనే పదిహేను నిమిషాలు నడపండి. తెర మీద చుక్కలు, గీతలు రాకూడదు, ఫ్యాన్లన్నీ తిరగాలి. హాట్‌స్పాట్ (చిప్‌లో అన్నిటికంటే వేడిగా ఉన్న చోటు) వేడి మామూలు జీపీయూ వేడి కంటే 25 డిగ్రీలకు మించి ఎక్కువగా ఉంటే లోపలి పేస్ట్ ఎండిపోయి ఉండవచ్చు, ఆ ఖర్చు ధరలో తగ్గించమనండి. మరల మీద స్టిక్కర్ చిరిగి ఉంటే అంతకుముందే ఎవరో విప్పారన్నమాట. వారంటీ మిగిలుందని చెబితే సీరియల్ నంబరు తీసుకుని, డబ్బు ఇచ్చేముందే కంపెనీ సైట్‌లో కొట్టి చూడండి.